పాట్రిక్ పండుగ శుక్రవారం పడ్డ ఏడాది

ఆ ఉత్తరం నేను చదవలేదు. దుమ్ము దులిపాను, అంతే. సిరాబుడ్డి కింద పెట్టిన కాగితానికి దుమ్ము దులపాలంటే బుడ్డి తియ్యాలి. బుడ్డి తీస్తే కాగితం కనబడుతుంది. కనబడ్డ కాగితం ఫ్రెంచిలో ఉంటే, కార్క్ ఊళ్లో కన్యాస్త్రీల బడిలో ఆరేళ్లు ఫ్రెంచి వల్లెవేసిన మనిషి కళ్లు ఊరికే ఉండవు. ఇందులో నా తప్పెంత, కన్యాస్త్రీల తప్పెంత అన్నది పాపసంకీర్తనంలో తేల్చుకోవలసిన సంగతి. అయితే మా ఊళ్లో నా పాపాలు వినేది ఆ ఉత్తరం రాసిన బిషప్‌గారే కాబట్టి, అది తేలకుండానే ఉండిపోయింది.

ఉత్తరం రోముకు. విషయం రాజీనామా.

మా బిషప్ థియోడోర్ వెల్‌ఫ్రింగ్‌గారిది లక్సెంబర్గు. మిసిసిపీ ఒడ్డున ఉన్న మా బార్లో రేవుకు ఆయన వచ్చి మూడేళ్లు. లక్సెంబర్గు ఎక్కడుందో మా ఊళ్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అందుకని జర్మనులు ఆయన్ని ఫ్రెంచివాడనుకున్నారు, మా ఐరిష్‌వాళ్లు జర్మనువాడనుకున్నారు, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఫ్రెంచి మంగలి ఆయన యాస విని, ఈయన మావాడు కానే కాదని ప్రమాణం చేసి చెప్పాడు. ఆ విధంగా ఎవరికీ కాని మనిషి అందరికీ బిషప్ అయ్యాడు.

ఆయన వచ్చిన ఏడే పెద్ద గుడి కట్టడం మొదలైంది. దానికి పునీత జోసెఫ్ పేరు పెట్టారు. పాట్రిక్ అంటే జర్మనులు రారు, బోనిఫేస్ అంటే మావాళ్లు రారు. జోసెఫ్ ఏ దేశంవాడని ఇంతవరకూ ఎవరూ కొట్టుకోలేదు. మా రాతిపనివాళ్లు గోడలు లేపారు, జర్మను వడ్రంగులు దూలాలు చెక్కారు. అక్కడితో పని ఆగింది. దూలం గోడల మీదికి ఎక్కాలంటే రెండు పక్షాలూ ఒకే రోజు, ఒకే తాడు పట్టుకుని లాగాలి. మంగళవారం మావాళ్లు వస్తే జర్మనులకు ఒంట్లో బాగుండదు. గురువారం జర్మనులు వస్తే మావాళ్లకు అవతలి ఊళ్లో చావు పడుతుంది. మూడు వసంతాలు గడిచాయి. పూజ ఇంకా చెక్కల పాకలోనే. కప్పులేని గుడిలో ఎండ బాగా పడుతోందని బిషప్‌గారు పీఠం కట్టవలసిన చోట ముల్లంగి వేసుకున్నారు. పంట బాగుండేది.

ఉత్తరంలో మూడో పేరా ఇలా ఉంది: 'ఇక్కడి జర్మనులూ ఐరిష్‌వారూ ఒకే తాడు పట్టుకుని లాగే రోజు నా జీవితకాలంలో రాదు. అది వాళ్ల తప్పు కాదు, నా చేతకానితనం. ఇంకెవరినైనా పంపండి. నేను మా అన్న ద్రాక్షతోటలో కలుపు తీసుకుంటూ మీ అందరికోసం ప్రార్థిస్తాను.'

రైలు మా ఊరిని తప్పించుకుని పోయింది. చలికాలం టపా బండిని ఆయన నమ్మేవారు కాదు. రోముకు పోవలసినవి మొదటి పడవకు, ఎరిగిన కెప్టెను చేతికే ఇచ్చేవారు. నది గడ్డకట్టి ఉంది. అంటే మంచు విరిగి, పడవ కూత వినబడిందా, మా బిషప్ వెళ్లిపోయినట్టే.

నేను ఆయన ఇంట్లో వంటా, ఇల్లూ చూసుకునేదాన్ని. ఆయన వెళ్లిపోతే నాకు ఆ చోటు ఉండదన్నది నిజమే. కానీ ఇంకొకటి కూడా ఉంది. మా ఆయన మైకేల్ ట్వోమీ జనవరి మంచులో పోయినప్పుడు పెట్టె మొయ్యడానికి ముగ్గురే వచ్చారు. నాలుగో భుజం బిషప్‌గారిది. కొండ ఎక్కేదాకా మార్చుకోలేదు. దాని గురించి ఆ తరువాత ఆయన ఒక్క మాట అనలేదు, నేనూ అనలేదు. అప్పటినుంచి నేను వండిన బంగాళాదుంపల పులుసు తింటూ దాని గురించి కూడా ఆయన ఒక్క మాట అనలేదు. అలాంటి మగవాణ్ణి వదులుకోవడం తేలిక కాదు.

ఇక బాతు సంగతి చెప్పాలి.

నవంబరు పదకొండు పునీత మార్టిన్ పండుగ. ఆ రోజు పెద్దబాతును వేయించుకుని తినకపోతే జర్మనువాడికి చలికాలం మొదలైనట్టే ఉండదు. ఆ ఏడు మార్టిన్ శుక్రవారం పడ్డాడు. శుక్రవారం మాంసం నిషిద్ధం. మినహాయింపు ఇవ్వగలిగింది బిషప్ ఒక్కరే. బీరు బట్టీ యజమాని డీట్రిష్ పోల్‌మన్‌గారు టోపీ చేతబట్టుకుని వచ్చి అడిగారు. తొమ్మిది పౌన్ల బరువున్న బాతు అనీ, ఎర్ర క్యాబేజీ కూడా సిద్ధంగా ఉందనీ చెప్పారు. బాతు నీళ్లలో తిరుగుతుంది కాబట్టి ఒక విధంగా చేపే కదా అని కూడా మెల్లిగా అన్నారు. లక్సెంబర్గులో మార్టిన్ బాతు తిని పెరిగిన బిషప్‌గారు ఒక నిమిషం కళ్లు మూసుకుని, శుక్రవారం శుక్రవారమేనన్నారు.

మర్నాటినుంచి మా రాతిమేస్త్రీ కాన్ హెఫర్నన్‌కు వీధిలో జర్మనువాడు ఎదురైతే చాలు, మెడ సాచి బాతులా కూసేవాడు. పోల్‌మన్‌గారు కనబడితే కూతతో పాటు కుశలప్రశ్న కూడా.

"ఏం బావా, బాతు ఈదుకుంటూ వెళ్లిపోయిందా?"

పోల్‌మన్‌గారు టోపీ సర్దుకుని నడిచిపోయేవారు. పంచాంగం మాత్రం ఒకసారి చూసుకుని ఉంటారు. ఎందుకంటే నవంబరు పదకొండు శుక్రవారమైతే, సరిగ్గా పద్దెనిమిది వారాల తరువాత మార్చి పదిహేడు కూడా శుక్రవారమే. పైగా ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో శుక్రవారం. మార్చి పదిహేడు మా పాట్రిక్ పండుగ. ఉప్పులో ఊరేసిన పందిమాంసం, క్యాబేజీ కలిపి ఉడికించుకోకపోతే మాకు ఆయన పుట్టనట్టే, మేమూ పుట్టనట్టే.

పండుగ పది రోజులుందనగా కాన్ వచ్చాడు. ముందు వంటింట్లోకి వచ్చి, "ఒనోరక్కా, ఈయన మనసు ఎలా ఉంది?" అని ఆరా తీశాడు. ముల్లంగి విత్తనాలు ఏరుకుంటున్నారు, మంచి మనసుతోనే ఉన్నారన్నాను. అది నిజమే. విత్తనాలు ఏరేటప్పుడు ఆయన ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటారు, ఏం అడిగినా ప్రశాంతంగానే కాదంటారు.

"ఏలినవారూ, పాట్రిక్‌ను తీసుకెళ్లి బాతుతో పోలుస్తారా?" అన్నాడు కాన్, మినహాయింపు అడిగి, బాతుకు లేనిది పాట్రిక్‌కూ లేదన్న జవాబు విన్నాక.

"నేను శుక్రవారాన్ని శుక్రవారంతో పోలుస్తున్నాను హెఫర్నన్."

"మా దేశంనుంచి పాముల్ని తరిమిన మహానుభావుడండీ. ఒక్క పూట మాంసం పెట్టించడానికి ఆయన యోగ్యత చాలదా?"

"తరిమారు. తినలేదు కదా."

"తినేవి కావు గనక తరిమాడు. పందుల్ని తరమలేదు, గమనించండి."

బిషప్‌గారు నవ్వు ఆపుకోవడానికి విత్తనాల పళ్లెంలోకి వంగారు. ఆ తరువాత తలెత్తి, నవంబరులో జర్మనులకు కాదన్నవాణ్ణి మార్చిలో మీకు అవుననడమెలా, నా స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావని అడిగారు. కాన్ నిజాయితీపరుడు. ఆ స్థానంలో ఐరిష్‌వాడుంటే క్షణంలో ఇచ్చేసేవాడని చెప్పాడు. ఆ జవాబు బిషప్‌గారికి ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఆ సాయంత్రం ఉత్తరంలో నాలుగో పేరా చేరింది. దుమ్ము దులుపుతుండగా కనబడింది.

మర్నాడు పోల్‌మన్‌గారు కాన్ ఇంటికి ఉప్పుచేపల పీపా ఒకటి పంపించారు, పండుగ శుభాకాంక్షలతో. దాంతో మావాళ్ల పట్టుదల గట్టిపడింది.

మా నదికి అవతలి ఒడ్డు వేరే మేత్రాసనం, అంటే వేరే బిషప్ ఏలుబడి. అక్కడి బిషప్‌గారు మా దేశంలో పుట్టినవారు. పాట్రిక్ పండుగ నాడు తన మేత్రాసనం సరిహద్దులో ఉన్నవాళ్లెవరైనా సరే మాంసం తినవచ్చునని అక్కడి గుళ్లలో ప్రకటించేశారు. రెండు మేత్రాసనాలకూ సరిహద్దు నదికి సరిగ్గా నడిమధ్య. నది ఇంకా గడ్డకట్టి ఉంది. ఈ నాలుగు సంగతులూ విడివిడిగా అందరికీ తెలుసు. వాటిని కలిపి చూసినవాడు కాన్.

అవతలి ఒడ్డు అంతా రెల్లూ బురదా, నిలబడ్డానికి చోటు లేదు. అందుకని బుధవారం అతను తాడు పట్టుకుని ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు మంచు మీద కొలిచాడు. మళ్లీ ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకు కొలిచాడు. సరిగ్గా మధ్యలో కర్ర పాతి, దానికి తన భార్య జొహాన్నా పాత ఆకుపచ్చ పావడా జెండాగా కట్టాడు. కర్రకు అవతల పది అడుగుల దూరంలో బల్లలు. రాతిమేస్త్రీ అన్నాక మూడు ఇటుకల మీద కుండ పెట్టలేడు కదా. ఐదు బళ్ల రాయి తోలించి, మంచు మీద చక్కటి పొయ్యి కట్టాడు. దానికి పొగగొట్టం కూడా ఉంది.

నేను వాళ్లతో వెళ్లలేదు. బిషప్‌గారి ఇంట్లో ఉప్పు తింటున్నదాన్ని, ఎలా వెళతాను? క్రిస్మస్‌నుంచి ఊరేసి దాచుకున్న నా పందితొడ మాత్రం వెళ్లింది. గురువారం జొహాన్నా వచ్చి, "నువ్వు రావద్దులే, దాన్ని పంపించు చాలు," అంది. పంపించాను.

శుక్రవారం పొద్దున్నే దక్షిణపు గాలి తిరిగింది. మార్చిలో ఆ గాలి ఒంటికి హాయి, నదికి కాదు. పదకొండు గంటలకు నేను బిషప్‌గారికి చేప వేయిస్తుండగా పోల్‌మన్‌గారు తలుపు కొట్టకుండా లోపలికి వచ్చారు. మూడేళ్లలో ఆయన తలుపు కొట్టకుండా రావడం అదే మొదలు. ప్రతి చలికాలం బట్టీకోసం నదిలో మంచు కోయించేది ఆయనే. మంచు రంగు చూసి దాని ఆయుష్షు చెప్పగలరు.

"మధ్యాహ్నం దాటదు," అన్నారు. "నలభైమంది ఉన్నారక్కడ. పిల్లలు కూడా. గట్టుమీద నిలబడి అరిచి చెప్పాను."

"ఏమన్నారు?"

"బాతుల్లా కూశారు."

బిషప్‌గారు కిటికీ దగ్గరికి వెళ్లి చూశారు. నది మధ్యలో ఆకుపచ్చ పావడా ఎగురుతోంది, పక్కన పొగ. ఆయన ముఖం చూస్తుంటే నేను వేపుతున్న చేప మాడిపోయింది. నేను పిలిస్తే వస్తారా అని ఆయన తనలో తాను అనుకుంటున్నట్టు అడిగారు. పోల్‌మన్‌గారూ నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. పాట్రిక్ పండుగనాడు ఉడుకుతున్న కుండను వదిలి రమ్మంటే వచ్చే ఐరిష్‌వాడు ఇంకా పుట్టలేదు. ఇక్కడే తినవచ్చు రండి అంటే తప్ప.

బిషప్‌గారు పోల్‌మన్‌గారి వైపు తిరిగారు.

"నేనిప్పుడు వాళ్లకు మినహాయింపు ఇస్తే నవంబరులో మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను."

పోల్‌మన్‌గారు చాలాసేపు టోపీని చేతుల్లో తిప్పారు.

"తొమ్మిది పౌన్ల బాతు అది."

"గుర్తుంది."

"ఎర్ర క్యాబేజీతో."

"అదీ గుర్తుంది. అప్పుడే చెప్పారు."

"మా ఆవిడ ఏడ్చింది, బిషప్‌గారూ." ఆయన టోపీ పెట్టుకున్నారు. "ఇచ్చెయ్యండి. ఒక్కటే కోరిక. ఆ మాట విన్నప్పుడు హెఫర్నన్ ముఖం నేను చూడాలి."

బట్టీలో మంచు లాగే తాళ్లూ, మనుషులూ గట్టుకు రమ్మని ఆయన కబురు పంపారు. ఇద్దరూ నదిమీదికి దిగారు. ముందు పోల్‌మన్‌గారు ఇనుపకర్రతో తడుతూ, వెనక బిషప్‌గారు మడమలు అరిగిన బూట్లతో. ఆయన మెడకు చుట్టుకునే శాలువా మరిచిపోయారని నేను వాళ్ల వెనక నడిచాను. శాలువా ఆయన మెడలోనే ఉందని సగం దూరం వెళ్లాక చూసుకున్నాను.

కర్ర దగ్గర కాన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుండలో నా పందితొడ ఉడుకుతున్న వాసన. ఇంకో గంటకు గానీ అవదని జొహాన్నా నాకు సైగ చేసింది. నేను ఆమెను ఎరగనట్టు ఆకాశంలోకి చూశాను.

"ఆగండి ఏలినవారూ," అన్నాడు కాన్. "ఇంకో రెండడుగులు వేస్తే మీరు బిషప్ కారు, అతిథి. అతిథిగా వస్తే కూర్చోండి, పళ్లెం పెడతాం."

"అందుకే ఇక్కడే ఆగాను," అన్నారు బిషప్‌గారు. టోపీ తీసి, పిల్లలకు కూడా వినబడేలా గొంతు పెంచారు. "ఈ రోజు నా మేత్రాసనంలో ఉన్న వాళ్లందరికీ, ఐరిష్ జర్మను తేడా లేకుండా, మాంసం తినడానికి మినహాయింపు ఇస్తున్నాను. కర్రకు ఇటువైపు. ఒడ్డుమీద. మంచు విరగబోతోంది, లేవండి."

ఎవరూ కదలలేదు. పోల్‌మన్‌గారు కాన్ ముఖం చూస్తున్నారు. అది చూడదగ్గదే. రెండుసార్లు కొలిచి, రాయి మోసి, పొగగొట్టం కూడా కట్టినవాడికి, ఇవన్నీ అక్కర్లేదని చెబితే ఎలా ఉంటుంది?

"ఇందులో ఏదో మెలిక ఉంది," అన్నాడు కాన్ చివరికి. "ఈ బావ ఎందుకొచ్చాడు మరి?"

"హెఫర్నన్," అన్నారు పోల్‌మన్‌గారు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. "రాయి నీ పని. నువ్వు కట్టిన గోడను నేనెప్పుడైనా వేలెత్తి చూపించానా? మంచు నా పని."

జొహాన్నా పసిపిల్లను చంకనేసుకుని కర్ర దాటి ఇటు వచ్చేసింది. "నువ్వు నా పావడాకు కాపలా కాసుకో," అంది మొగుడితో. ఆమె వెనకే ఆడవాళ్లూ పిల్లలూ కదిలారు. అప్పుడు మా కాళ్లకింద ఎక్కడో, బండరాయి నిట్టనిలువునా చీలినట్టు ఒక మోత. ఇక మెలికలు వెతికేవాళ్లు లేరు.

అందరూ పరుగెత్తారు. కానీ కుండ? నలభైమందికి వండే ఇనుపకుండ. దాన్ని జారుడుబండి మీద పెట్టే తెచ్చారు, పెట్టే తీసుకెళ్లాలి. వదిలెయ్యండని బిషప్‌గారన్నారు. వినబడనట్టే మావాళ్లు దాన్ని పొయ్యి మీదినుంచి దింపారు. పోల్‌మన్‌గారు కూడా, ఎందుకో మరి, వదిలెయ్యమని అనలేదు. తన మనుషులు ఒడ్డునుంచి ముడికి ముడి వేసి తెచ్చిన తాడును తానే బండికి కట్టి, రెండో కొస ఒడ్డుమీద ఉన్నవాళ్లకే వదిలేశారు. మావాళ్లు తాడు మధ్యలో పట్టుకున్నారు.

ఇక చూడాలి. జర్మనులు అంకెలు లెక్కపెట్టి మూడో అంకెకు లాగుతారు. మావాళ్లు పాట పాడి చరణం చివర లాగుతారు. వీళ్లు లాగినప్పుడు వాళ్లు ఊపిరి పీలుస్తున్నారు, వాళ్లు లాగినప్పుడు వీళ్లు పాడుతున్నారు. బండి ఉన్నచోటే ఊగుతోంది. మూడేళ్లు దూలం ఎందుకు లేవలేదో నాకు అప్పుడు అర్థమైంది. కాళ్లకింద మంచు మీదికి నీళ్లు వస్తున్నాయి.

బిషప్‌గారు మధ్యలో దూరి తాడు పట్టుకున్నారు. ఒక్క క్షణం ఆలోచించారో లేదో, పండుగ పూజలో పాడే గొంతుతో ఎత్తుకున్నారు:

"సాంక్తే పాత్రీచీ..."

గట్టుమీద చేరిన ఊరివాళ్లతో కలిపి నూటపాతికమంది ఒక్క గొంతుతో జవాబిచ్చారు: "ఓరా ప్రో నోబిస్."

బండి మూడు గజాలు ముందుకు దూకింది.

పునీతుల ప్రార్థన అది. గురువు ఒక్కొక్క పునీతుడి పేరు పిలవడం, మిగిలినవాళ్లు మాకోసం వేడుకోమని లాటినులో బదులివ్వడం. కార్క్‌లో పుట్టినా, బవేరియాలో పుట్టినా ఆ జవాబు ఒకటే, ఆ రాగం ఒకటే, ఆ ఊపు ఒకటే. తల్లిపాలతో వచ్చింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

"సాంక్తే మార్తీనే..."

"ఓరా ప్రో నోబిస్." మళ్లీ మూడు గజాలు.

పీటరు, పౌలు, ఆండ్రూ, పన్నెండుమంది శిష్యులూ లాగారు. వేదసాక్షులు లాగారు. పునీత కన్యలు లాగేసరికి బండి ఒడ్డెక్కింది. నేను కూడా తాడు పట్టుకునే ఉన్నానని చేతులు మండితే తెలిసింది. వెనక్కి తిరిగి చూస్తే కాన్ కట్టిన పొయ్యి, పొగగొట్టంతో సహా, మెల్లిగా, మర్యాదగా నీళ్లలోకి దిగిపోతోంది. అతను కట్టినవాటిలో ఇంతవరకూ కూలింది అదొక్కటే. ఆకుపచ్చ పావడా మాత్రం ఒక మంచుపలక మీద నిటారుగా నిలబడి, రెండు మేత్రాసనాల సరిహద్దునూ వెంటబెట్టుకుని, సెయింట్ లూయీ వైపు ప్రయాణం కట్టింది.

ఒడ్డుమీద పొయ్యి మళ్లీ వెలిగించారు, ఈసారి మూడు రాళ్లమీద. జర్మనులు కొంతసేపు దూరంగా నిలబడ్డారు. మినహాయింపు తమకూ వర్తిస్తుందని గుర్తు చేసింది జొహాన్నాయే, పళ్లెం చేతికిచ్చి. పోల్‌మన్‌గారు ఒక ముక్క తిని, ఉప్పెక్కువైందన్నారు. రెండో ముక్క కూడా ఉప్పెక్కువే అన్నారు. మూడో ముక్కకు నా పందితొడ వచ్చింది, అప్పుడు మాత్రం ఏమీ అనలేదు. ఆ పూట ఆయన్ని చూసి ఎవరూ బాతులా కూయలేదు.

బిషప్‌గారు మాంసం ముట్టలేదు. పోల్‌మన్‌గారు పంపిన పీపాలోంచి ఒక ఉప్పుచేప తెప్పించుకుని, తిరగేసిన బుట్టమీద కూర్చుని తింటున్నారు. మీరే ఇచ్చారు కదా, మీరెందుకు తినరని కాన్ అడిగాడు.

"ఎవరో ఒకరు శుక్రవారాన్ని కూడా చూసుకోవాలి కదా," అన్నారాయన.

కాన్ అక్కడే నేలమీద కూర్చున్నాడు. పళ్లెం ఖాళీ చేశాడు. చివరికి, ఆ ప్రార్థనలో పాట్రిక్ పేరు లేదు కదా ఏలినవారూ అన్నాడు. నిజమే. రోములో అచ్చువేసిన ఆ వరుసలో మార్టిన్ ఉన్నాడు గానీ మా పాట్రిక్ లేడు. చిన్నప్పటినుంచి అది మాకు ఒక బాధ.

"లేదు," అన్నారు బిషప్‌గారు.

"పీటరు కన్నా ముందు పిలిచారు."

"తొందరలో ఉన్నాను హెఫర్నన్. ఎవరు దగ్గరగా ఉంటే వాళ్లను పిలిచాను."

ఆ తరువాతి శనివారం ఎవరికీ ఒంట్లో బాగుండకపోవడం గానీ, ఎక్కడా చావు పడడం గానీ జరగలేదు. గుడి దగ్గర రెండు పక్షాలూ, ఒక్క తాడు. ఒక మనిషి గోడెక్కి నిలబడి పునీతుల పేర్లు పిలిచాడు. ఆ మనిషి కాన్ అనీ, మార్టిన్ పేరు రెండుసార్లు పిలిచాడనీ, రెండోసారి పోల్‌మన్‌గారి వైపు చూసి మరీ పిలిచాడనీ చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. నడికప్పు దూలం వరుసలో చివరిదైన పునీత అనస్తాసియా పేరు దగ్గర గాడిలో కూర్చుంది.

దూలం ఎక్కింది గానీ ఉత్తరం సిరాబుడ్డి కిందే ఉంది. నేను ఆ వారం రోజుకు రెండుసార్లు దుమ్ము దులిపాను. అక్షరం కూడా మారలేదు. ఏప్రిల్ మొదటివారంలో ఒకనాటి పొద్దున, నేను బల్ల తుడుస్తుండగా, నది మలుపులో పడవ కూసింది. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. బిషప్‌గారు ముల్లంగి విత్తనాల పళ్లెంతో గదిలోకి వచ్చారు.

"ట్వోమీగారూ, ఆ ఉత్తరంలో ఫ్రెంచి తప్పులేమైనా ఉన్నాయా?"

"ఏ ఉత్తరమండీ?"

"నెలరోజులుగా మీరు దుమ్ము దులుపుతున్నది."

అబద్ధమాడదామనుకున్నాను. తపస్సుకాలం కదా అని మానేశాను.

"ఫ్రెంచి బాగానే ఉందండీ. మూడో పేరాలో ఒక వాక్యం మాత్రం నిజం కాదు. తాడు గురించి రాసింది."

ఆయన కాగితం తీసి, కిటికీ వెలుగులో మూడో పేరా చదువుకున్నారు. పెదవులు కదుపుతూ, ఎవరో పరాయివాడు రాసింది చదివినట్టు.

"రోముకు అబద్ధం రాయకూడదు," అన్నారు.

"కూడదండీ."

"అయితే మొత్తం తిరగరాయాలి."

"రాయాలండీ. కానీ కాగితం అయిపోయింది."

అలమారలో రెండు దస్తాల కాగితం ఉంది. క్రిందటి వారం ఆయనే అక్కడ పెట్టారు. ఆయన అలమార వైపు ఒకసారి చూశారు, నా వైపు ఒకసారి చూశారు. రేవులో పడవ రెండోసారి కూసింది. ఆయన ఉత్తరాన్ని బల్లమీద పరిచి, నాలుగు మూలలూ మడిచి పొట్లం చేసి, విత్తనాలన్నీ అందులో పోశారు.

"గుడికి కప్పు పడుతోంది కదా," అన్నారు. "ముల్లంగికి వేరే చోటు చూడాలి."

ఆ శనివారం పాపసంకీర్తనంలో కాగితం సంగతి ఒప్పుకున్నాను. పందితొడ సంగతి కూడా. ప్రాయశ్చిత్తంగా వంటింటి వెనక ఆరడుగుల మడి తవ్వమన్నారు. తవ్వాను. ఆ ఏడు ముల్లంగి బొత్తిగా పండలేదు. అక్కడ ఎండ చాలదు. అయినా ఆయన ఏమీ అనలేదు.